మాట తడబడే మనవాళ్లు, మాటను గుర్తుపట్టే ఫోన్లు: నల్లగొండ, పాలమూరు ఇండ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాది దేవరకొండ దగ్గర ఊరు. మా నాయిన ముప్పై ఏండ్లు బత్తాయి తోటలు గుత్తకు పట్టి, మార్కెట్‌లో గొంతెత్తి బేరాలు చేసిన మనిషి. ఆరేండ్ల కింద పక్షవాతం వచ్చింది. కాలు మెల్లమెల్లగా సర్దుకుంది, చెయ్యి సగం వచ్చింది, మాట మాత్రం ముద్దకట్టింది. ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. ఫోన్‌లో అవతలి మనిషికి అర్థం కాదు, ఫోన్‌కైతే అసలే కాదు. ఆయన మాటను ఫోన్‌కు నేర్పాలని నేను తిరిగిన తిప్పలు చూసి నల్లగొండ, సూర్యాపేట, నాగర్‌కర్నూల్, వనపర్తి, నారాయణపేట దిక్కుల నుంచి చాలామంది అడగడం మొదలుపెట్టారు. ఆ ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకుంటూ వచ్చాను. నేను డాక్టర్‌ను కాను, ఇంజినీర్‌ను కాను. నేర్చుకున్నది, చేసి చూసింది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మాట సరిగ్గ రానోళ్ల మాటను ఫోన్ నిజంగ పట్టుకుంటదా?

కొందరిది పట్టుకుంటుంది, కొంతవరకు. ఇంగ్లీషులో ఈ పని చాలా ముందుకు పోయింది. తెలుగులో ఇంకా మొదట్లో ఉంది. అయినా ఈ రోజు మీ చేతిలో ఉన్న మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి కింద చెప్తాను. ముందు మీ ఇంట్లో మనిషికి ఉన్న ఇబ్బంది ఏ రకందో తెలుసుకోవాలి. అది తెలియకుండా ఏ యాప్ వేసినా పైసలు, ఓపిక రెండూ దండుగ.

నత్తి, ముద్దమాట, మాట పడిపోవడం అన్నీ ఒకటే కదా?

కావు. మిషన్‌కు అయితే ఇవి పూర్తిగా వేరువేరు చిక్కులు.

ముద్దమాటను డాక్టర్లు డిసార్త్రియా అంటారు. చెప్పాలనుకున్న మాట మనసులో చక్కగానే తయారవుతుంది. నాలుక, పెదవులు, అంగిలి, గొంతు, ఊపిరి కదిలించే కండరాలు మాట వినవు కాబట్టి బయటికి వచ్చేసరికి నలిగిపోతుంది. పక్షవాతం, పార్కిన్సన్స్, సెరిబ్రల్ పాల్సీ, మోటార్ న్యూరాన్ జబ్బుల్లో ఇది కనిపిస్తుంది. మా నాయినది ఇదే. ఇట్లాంటి మాట వినేవాళ్లకు గజిబిజిగా ఉన్నా దానికి ఒక పద్ధతి ఉంటుంది. మా నాయిన "ట"ను ఎప్పుడూ "త" దగ్గరికి తెస్తాడు, "ర"ను మింగేస్తాడు. రోజూ ఒకే తీరుగా మింగుతాడు. ఆ ఒకే తీరు ఉన్నందుకే మిషన్ నేర్చుకోగలుగుతుంది.

అఫేసియా వేరు. అక్కడ నోరు బాగానే ఉంటుంది, మాటే దొరకదు. చెంబు అడగబోయి చెప్పులంటారు, లేకపోతే "అది... అది..." అని చెయ్యి చూపించి కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటారు. కొందరు గడగడా మాట్లాడతారు కానీ అందులో అర్థం ఉండదు. ఇక్కడ ఫోన్ ప్రతి శబ్దాన్ని తప్పు లేకుండా రాసినా ఉపయోగం తక్కువ, ఎందుకంటే "చెప్పులు" అని విని "చెప్పులు" అనే రాస్తుంది.

నత్తిలో మాట తెలుసు, కండరాలూ బలంగానే ఉంటాయి, ప్రవాహం ఆగుతుంది. గ్రహణం మొర్రితో పుట్టినవాళ్లకు గాలి ముక్కులోంచి పోయి ప, బ, క, గ లాంటి శబ్దాలు మెత్తబడతాయి. పుట్టుచెవుడు ఉన్నవాళ్ల మాట ఇంకో తీరు. ఒకే ఇంట్లో ఇద్దరికి పక్షవాతం వచ్చినా ఒకరికి ముద్దమాట, ఒకరికి అఫేసియా రావచ్చు. రెండూ కలిసి ఒకరికే రావచ్చు కూడా. తేల్చి చెప్పాల్సింది స్పీచ్ థెరపిస్టు.

మామూలు వాయిస్ టైపింగ్ మా ఇంట్లోవాళ్ల మాటను ఎందుకు తప్పు రాస్తుంది?

మనం మాట్లాడినప్పుడు ఫోన్ ఆ చప్పుడును సెకనులో నలభయ్యో వంతు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ స్వరం ఎంత బలంగా ఉందో చూస్తుంది. అంతకుముందు లక్షల మంది గొంతులు విని నేర్చుకున్న దానితో పోల్చి, ఇది ఫలానా అక్షరం కావచ్చని అంచనా వేస్తుంది. ఆ తర్వాత "ఈ మాట పక్కన మామూలుగా ఏ మాట వస్తుంది" అని చూసి వాక్యం సరిదిద్దుకుంటుంది. అంటే అది వినేది సగం, ఊహించేది సగం.

ఆ లక్షల గొంతుల్లో మా నాయిన లాంటి గొంతులు లేవు. మొదటి దెబ్బ అక్కడే.

రెండో దెబ్బ మన యాస. ఒకరోజు ఎండపూట ఆయన ఫోన్ దగ్గర పెట్టుకుని "దూప" అన్నాడు. దాహమైతే మా దిక్కు దూపయితుంది అనే అంటాం. ఫోన్ "ధూపం" అని రాసింది. మళ్లీ అన్నాడు, మళ్లీ ధూపం. మూడోసారి ఆయన ఫోన్ పక్కన పెట్టి గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. ఆ మాట నేను చక్కగా పలికినా ఫోన్ ధూపమే రాసింది. అంటే తప్పు ఆయన నాలుకది ఒక్కదే కాదు. ఫోన్ నేర్చుకున్న తెలుగులో దూప లేదు. పత్రికల తెలుగు, వార్తల తెలుగు విన్న మిషన్‌కు పాలమూరు, నల్లగొండ తెలుగు పరాయిగా ఉంటుంది. మాట తడబడే మనిషికి ఆ పరాయితనం రెండింతలవుతుంది. ఈ రెండు దెబ్బలను కలిపి చూడాల్సిందేనని నా నమ్మకం. శుద్ధమైన తెలుగులో మాట్లాడమని పక్షవాతం వచ్చిన మనిషికి చెప్పడం అన్యాయం.

ఈ యాప్‌లో తప్పులు ఇంత శాతం అని రాస్తారు. అదెట్ల లెక్క?

మారిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, అదనంగా చేరిన మాటలు మూడూ కలిపి, అసలు పలికిన మాటల సంఖ్యతో భాగిస్తారు. మా ఇంట్లో జరిగిందే చెప్తాను. ఆయన అన్నది: "నాకు జర సల్ల పోయమను." నాలుగు మాటలు. ఫోన్ రాసింది: "నాకు జర చల్ల పొయ్యి మను." రెండు మాటలు మారాయి, ఒకటి అదనంగా వచ్చింది. నాలుగింట మూడు, అంటే 75 శాతం తప్పు. కానీ చదివిన మా అమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి ఇచ్చింది. తెలుగులో ఒక్కో మాటకు తోకలు అతుక్కుంటాయి కాబట్టి ఒక్క అక్షరం జారినా మాట మొత్తం తప్పు కింద పడుతుంది. అందుకే తెలుగుకు అక్షరాల లెక్కన తప్పులు చూడటం మేలని ఈ పని చేసేవాళ్లు అంటారు. శాతాలు చూసి బెదరకండి. ఇంట్లోవాళ్లకు విషయం అందిందా లేదా, అది చూడండి.

నత్తితో ఆగిన వెంటనే మైక్ బంద్ అయితుంది. ఏం చేయాలె?

కొంచెంసేపు చప్పుడు లేకపోతే మాట అయిపోయిందని ఫోన్ అనుకుంటుంది. నత్తి ఉన్న మనిషి ఒక అక్షరం దగ్గర ఆగినప్పుడు నోరు కష్టపడుతూనే ఉంటుంది, ఫోన్‌కు అది మౌనం. ఐఫోన్‌లో మన మాట విని జవాబిచ్చే సిరి ఎంతసేపు ఆగాలో పెంచుకునే వీలు 2022 నుంచి సెట్టింగుల్లో ఉంది. ఆండ్రాయిడ్‌లో నేను చెప్పేది వేరే దారి: వాయిస్ టైపింగ్ వదిలి ముందు రికార్డర్‌లో తీరిగ్గా మాట్లాడండి, లేదా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపండి. అక్కడ ఎంతసేపు ఆగినా ఎవరూ మధ్యలో తెంపరు. ఆపిల్ పరిశోధకులు 2021లో పాడ్‌కాస్టుల నుంచి నత్తి మాటలను 28 వేల చిన్న ముక్కలుగా పోగుచేసి అందరికీ తెరిచిపెట్టారు. ఈ చిక్కు మీద పని జరుగుతోంది, ఇంగ్లీషులో.

నత్తి ఉన్న పిల్లవాడిని ఫోన్ ముందు కూర్చోబెట్టి "ఆగకుండ చెప్పు, లేకుంటే రాయదు" అని తరుముతున్న తల్లిదండ్రులను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. తరిమితే నత్తి పెరుగుతుంది.

ఇంగ్లీషులో ఏమేం ఉన్నాయి?

గూగుల్ 2019లో ప్రాజెక్ట్ యూఫోనియా పేరుతో మాట ఇబ్బంది ఉన్నవాళ్ల గొంతులు సేకరించడం మొదలుపెట్టింది. పది లక్షలకు పైగా రికార్డింగులు పోగయ్యాయి. దాని నుంచి ప్రాజెక్ట్ రిలేట్ అనే ఆండ్రాయిడ్ యాప్ వచ్చింది: మీరు 500 ఇంగ్లీషు వాక్యాలు చదివి ఇస్తే మీ ఒక్కరి గొంతుకు సరిపోయేలా నేర్చుకుని, మీరు అన్నది రాస్తుంది, స్పష్టమైన గొంతుతో తిరిగి పలుకుతుంది. ఇజ్రాయెల్‌లో పుట్టిన వాయిస్‌ఇట్ కూడా ఇదే దారిలోది. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం 2022లో మొదలుపెట్టిన స్పీచ్ యాక్సెసిబిలిటీ ప్రాజెక్టులో అమెజాన్, ఆపిల్, గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్ ఐదూ కలిసి చేరాయి. పార్కిన్సన్స్, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, పక్షవాతం, ఏఎల్‌ఎస్ అనే మోటార్ న్యూరాన్ జబ్బు ఉన్నవాళ్ల గొంతులు అక్కడ సేకరిస్తున్నారు. ఐఫోన్లలో 2024 నుంచి వోకల్ షార్ట్‌కట్స్ అనే సదుపాయం ఉంది. మీరు ఎంచుకున్న మాటను మూడుసార్లు పలికి నేర్పితే, మళ్లీ ఆ మాట అన్నప్పుడు ఫోన్ ఒక పని చేసిపెడుతుంది. దీనికోసం అప్పుచేసి ఐఫోన్ కొనకండి. తెలిసినవాళ్ల ఫోన్‌లో మీ మనిషి గొంతుతో ఒకసారి చేసి చూడండి, తర్వాత ఆలోచించండి.

మీ పిల్లలు ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇంగ్లీషులో మాట్లాడగలిగితే రిలేట్ లాంటివి పనికొస్తాయి. మా నాయినకు రావు.

మరి తెలుగులో ఈ రోజు ఏం పనిచేస్తుంది?

గూగుల్ కీబోర్డ్ అయిన జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ 2017 నుంచి ఉంది. ముద్దమాట తక్కువగా ఉన్నవాళ్లకు, నెమ్మదిగా ఒక్కో మాటే పలికితే పనికొస్తుంది. జీబోర్డ్‌లోనే సొంత నిఘంటువు ఉంటుంది. అందులో ఒక అక్షరానికి ఒక వాక్యం కట్టిపెట్టుకోవచ్చు. మేము "ద" కొడితే "నాకు దూపయితుంది, నీళ్లు ఇయ్యి" వచ్చేలా పెట్టాం. ఎడమచేతి వేలుతో ఒక్క అక్షరం కొట్టడం నాయినకు వస్తుంది. ఆ రాసినదాన్ని ఫోన్‌లోని తెలుగు గొంతుతో చదివించవచ్చు. ఇది మాట గుర్తుపట్టడం కాదని కొందరు అంటారు. నిజమే, కాదు. కానీ నీళ్లు వస్తున్నాయి.

కేంద్రం 2022లో తెచ్చిన భారతీయ భాషల వేదిక భాషిణి, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం తయారుచేసిన మోడళ్లు, అంటే గొంతులు విని నేర్చుకున్న ప్రోగ్రాములు, తెలుగును బాగానే రాస్తాయి. వీటిలో చాలా వాటిని ఎవరైనా తీసుకుని తమ అవసరానికి మళ్లీ నేర్పించుకోవచ్చు. అసలు దారి అదే. దాని సంగతి కింది ప్రశ్నలో.

మీరు మీ నాయిన మాటను ఎట్ల నేర్పించిన్రు?

ఇది ఎక్కువమంది అడిగేది కాబట్టి వివరంగా చెప్తాను.

ముందు నలభై మాటల పట్టీ రాసుకున్నాం. ఇవి పుస్తకంలోంచి తీసినవి కావు. వారం రోజులు ఆయన పొద్దున లేచినప్పటి నుంచి ఏమేం అడుగుతున్నాడో మా అమ్మ చెప్తే నేను రాశాను. దూప, బువ్వ, సల్ల, గోలీలు, నడుము నొస్తుంది, ఫ్యాన్ బంద్ చెయ్యి, టీవీ పెట్టు, పెద్దోడికి ఫోన్ చెయ్యి, ఒంటికి పోవాలె, కరెంటు పోయింది, తోటకు నీళ్లు పెట్టిన్రా. చివరిది రోజుకు నాలుగుసార్లు అడిగేవాడు.

ఒక్కో మాటను పదిహేను సార్లు రికార్డు చేశాం. ఒక్కరోజులో కాదు, రెండు నెలలు పట్టింది. రోజుకు పది నిమిషాలే. అంతకుమించితే ఆయన గొంతు అలసిపోయి మాట ఇంకా ముద్దయ్యేది. అలసిన గొంతు కూడా కావాలి, కాబట్టి కొన్ని పొద్దున, కొన్ని పొద్దుగూకినంక తీసుకున్నాం. మొత్తం ఆరు వందల రికార్డింగులు.

మా అక్క కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు అందరికీ తెరిచి ఉన్న ఒక చిన్న మోడల్ తీసుకుని ఈ రికార్డింగులతో మళ్లీ నేర్పించాడు. నలభై మాటల్లో ఏదో ఒకటి ఎంచుకోమని దానికి చెప్పడమే ఇందులో కిటుకు. మొత్తం తెలుగులోంచి ఊహించమంటే తప్పుతుంది, నలభైలోంచి ఊహించమంటే బతుకుతుంది. మొదట పద్నాలుగు మాటలే పట్టుకుంది. ఇప్పుడు ఇరవై ఏడు. బువ్వకు, దువ్వెనకు ఇప్పటికీ తేడా తెలియదు, ఎందుకంటే నాయిన పలికినప్పుడు రెండింటికీ మొదటి అక్షరం వినపడదు. అట్లాంటి చోట మాటే మార్చాం. దువ్వెనకు ఇప్పుడు "తలకాయ" అంటాడు.

రికార్డింగ్ చేసేటప్పుడు ఏం చూసుకోవాలె?

ఫ్యాన్, కూలర్ బంద్ చేయండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు పెట్టండి, ఊపిరి నేరుగా మైక్‌కు తగలకుండా. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు మందు పనిచేస్తున్న గంటలో ఒక విడత, తగ్గిన గంటలో ఒక విడత తీయండి. ఒక్కో ఫైలుకు తేదీ, పూట, ఆయన చెప్పదలచుకున్న మాట రాయండి. మీకు వినపడింది కాదు, ఆయన చెప్పదలచుకున్నది. ఆయన యాసలోనే రాయండి. "పోయిండు" అంటే "పోయాడు" అని దిద్దకండి. వాట్సాప్‌లో పంపితే శబ్దం కుదించుకుపోతుంది, కాబట్టి ఫైళ్లను కేబుల్‌తోనో డ్రైవ్‌లోనో ఎక్కించండి.

ఇంకొకటి. దగ్గర కూర్చున్నవాళ్లు నవ్వకూడదు. మా ఇంట్లో చిన్నపిల్ల ఒకసారి నవ్వితే నాయిన నాలుగు రోజులు రికార్డింగ్‌కు కూర్చోలేదు.

ఫోన్ మేము అననివి కూడా రాస్తదా?

రాస్తుంది. ఇది చాలా ముఖ్యం. 2022లో వచ్చిన, మాటను రాతగా మార్చే విస్పర్ అనే మోడల్‌ను 6,80,000 గంటల ఆడియోతో నేర్పించారు. అమెరికా పరిశోధకులు 2024లో పరీక్షిస్తే, నూటికి ఒకటి వంతు ముక్కల్లో ఎవరూ అనని వాక్యాలు అది సొంతంగా కల్పించి రాసింది. అఫేసియా ఉన్నవాళ్ల మాటల్లో ఇది ఇంకొంచెం ఎక్కువ. వాళ్లు మధ్యమధ్య ఎక్కువసేపు ఆగుతారు, ఆ ఖాళీని మిషన్ తన ఊహతో నింపేస్తుంది. కాబట్టి డాక్టర్ ముందు, బ్యాంకులో, భూమి కాగితాల దగ్గర ఫోన్ రాసినదాన్ని మనిషి మాటగా ఒప్పుకోకండి. రాసినదాన్ని ఆయనకు చదివి వినిపించి, తల ఊపితేనే ముందుకు పోవాలి.

అఫేసియా ఉన్నవాళ్లకు ఏమీ లేనట్టేనా?

బొమ్మలు ఉన్నాయి. మాట దొరకని మనిషి బొమ్మను చూసి చెయ్యి పెట్టగలుగుతాడు. ఐఐటీ బాంబేలో పుట్టిన జెల్లో, చెన్నైలో పుట్టిన ఆవాజ్ అట్లాంటి యాప్‌లు. బొమ్మ నొక్కితే ఫోన్ పలుకుతుంది. ఫోన్ అలవాటు లేని పెద్దవాళ్లకైతే అట్టముక్క మీద మీ ఇంటి వస్తువుల ఫొటోలే అతికించండి. ఎవరో గీసిన చెంబు బొమ్మ కన్నా మీ ఇంటి స్టీలు చెంబు ఫొటో తొందరగా గుర్తుపడతారు. "అవును", "కాదు" రెండు పెద్ద అక్షరాలతో పైన రాయండి. ప్రశ్న ఒకటే అడగండి, జవాబుకు పది అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగండి.

మేము తండాలో ఉంటం. లంబాడీ మాట్లాడ్తం. మాకేంది?

దేవరకొండ, అచ్చంపేట దిక్కు తండాల నుంచి ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు బాధనిపిస్తుంది. భాషిణి లాంటివి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల చుట్టూ తిరుగుతాయి. లంబాడీ అందులో లేదు. పక్షవాతం వచ్చినాక చాలామంది చిన్నప్పటి భాషలోనే సుఖంగా మాట్లాడతారు. థెరపీ పేరుతో వాళ్లను తెలుగులోకి లాగకండి. నలభై మాటల పట్టీ దారి మీకూ పనిచేస్తుంది, ఎందుకంటే అక్కడ మిషన్‌కు భాష తెలియనవసరం లేదు, ఆ నలభై చప్పుళ్లు తెలిస్తే చాలు. నారాయణపేట, మక్తల్ దిక్కు కన్నడ మాట్లాడేవాళ్లకు, పాలమూరు పట్నంలో ఉర్దూ మాట్లాడేవాళ్లకు భాష మార్చి వాయిస్ టైపింగ్ చూసుకునే వీలుంది.

మా పాపకు మూడేండ్లు, మాటలు రాలేదు. ఏ యాప్ వేయాలె?

ఏదీ వద్దు. ముందు చెవి పరీక్ష. మాట రాని పిల్లల్లో మొదట చూడాల్సింది వినికిడి. మేనరికం పెళ్లిళ్లున్న ఇండ్లలో పుట్టుచెవుడు ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే అసలు వాయిదా వేయకూడదు. అంగన్‌వాడీకి, బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్ల బృందానికి చూపించండి, వాళ్లు జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. బడి వయసు పిల్లలకు మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అవసరమైతే ఎంత చిన్న వయసులో చేస్తే అంత మాట వస్తుంది. "మా మామకూ లేటుగనే వచ్చినయి" అని ఆగొద్దు. ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టడం కన్నా పాపతో ఎదురుగా కూర్చుని మాట్లాడటం మేలు.

మా నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంది. మాట అందుకే పోయిందంటున్నరు.

ఫ్లోరోసిస్ దెబ్బ పండ్ల మీద, ఎముకల మీద. మర్రిగూడ, నాంపల్లి దిక్కు మనం కండ్లారా చూసిందే. మాట ఇబ్బందికి కారణం అదేనని అనుకుని ఇంట్లో కూర్చోకండి. పరీక్ష చేయించండి.

ఫోన్ వచ్చినాక స్పీచ్ థెరపీ ఎందుకు?

థెరపీ మనిషి మాటను బాగుచేస్తుంది, ఫోన్ ఉన్న మాటను చేరవేస్తుంది. మా నాయినను డిశ్చార్జ్ చేసిన ఆస్పత్రిలో చెయ్యికి, కాలికి ఎక్సర్‌సైజులు చెప్పారు, మాట సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఎనిమిది నెలల తర్వాత పక్క బెడ్డు వాళ్ల ద్వారా స్పీచ్ థెరపిస్టు అనే మనిషి ఉంటారని మాకు తెలిసింది. మొదటి నెలల్లో మెదడు తొందరగా కోలుకుంటుంది. ఆ ఎనిమిది నెలలు మాకు మళ్లీ రావు. మీరు డిశ్చార్జ్ రోజే అడగండి.

ఎక్కడికి పోవాలె?

నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఈఎన్‌టీ విభాగంలో అడగండి. బీబీనగర్ ఎయిమ్స్ నల్లగొండ, భువనగిరి వాళ్లకు దగ్గర. హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి, పంజాగుట్ట నిమ్స్ ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల జాతీయ సంస్థ, దానికి తోడు వినికిడి, మాట సమస్యలకు అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడానికి మొహమాటపడకండి.

దీనికి సర్టిఫికెట్ వస్తదా?

వస్తుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో మాట, భాష వైకల్యం ఒకటి. అఫేసియా, స్వరపేటిక తీసేయడం పేర్లతో సహా అందులో ఉన్నాయి. పథకాలు, రిజర్వేషన్లకు 40 శాతం, ఆపైన ఉండాలి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేయాలి. బోర్డు ముందుకు పోయేటప్పుడు థెరపిస్టు రాసిన రిపోర్టు, పాత డిశ్చార్జ్ కాగితం వెంట తీసుకుపోండి.

గొంతు క్యాన్సర్‌కు స్వరపేటిక తీసేసిన్రు. ఫోన్ పట్టుకుంటదా?

కష్టమే. మెడకు ఆనించి మాట పలికించే పరికరం ఎలక్ట్రోలారింక్స్ చప్పుడు ఒకే స్వరంలో గుయ్యిమంటుంది, ఫోన్ ఎత్తుపల్లాలు వెతుక్కుంటుంది. గొంతులో మాట కోసం చిన్న వాల్వ్ పెట్టించుకుని మాట్లాడేవాళ్లది దానికన్నా మేలుగా పడుతుంది. ఆపరేషన్ ఇంకా కాలేదంటే ఈ రోజే ఆ మనిషి గొంతును గంటా రెండు గంటలు రికార్డు చేసిపెట్టుకోండి. కథలు, తిట్లు, పిల్లల పేర్లు అన్నీ. రేపు ఆ గొంతుతోనే ఫోన్ పలికే వీలు రావచ్చు. అప్పుడు చేసి ఉంటే బాగుండేదని తర్వాత బాధపడ్డ ఇండ్లు నాకు తెలుసు.

అర్జంటయితే ఫోన్‌ను నమ్ముకోవచ్చా?

వద్దు. ఒక చప్పుడు గంట మంచం దగ్గర పెట్టండి. ఒక్క నొక్కుకు ఇంట్లోవాళ్ల నంబరు పోయేలా ఫోన్ తెరమీద బొమ్మ పెట్టండి. ఇంకో మాట: బాగున్న మనిషికి ఉన్నట్టుండి మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దయినా అది పక్షవాతం కావచ్చు. 108కి చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు నాలుగున్నర గంటలే టైము. దేవరకొండ నుంచి స్కానింగ్ ఉన్న ఆస్పత్రికి చేరడానికే అందులో ఎంత పోతుందో మనకు తెలుసు.

మా రికార్డింగులు ఇస్తే ఎవరన్న దుర్వినియోగం చేస్తరా?

గొంతు కూడా వేలిముద్ర లాంటిదే, జాగ్రత్త అవసరం. ఎందుకు తీసుకుంటున్నారు, ఎన్నాళ్లు ఉంచుతారు, వద్దంటే తీసేస్తారా అని రాతపూర్వకంగా అడగండి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం ఒప్పుకోలు అవసరం, ఇచ్చిన ఒప్పుకోలును వెనక్కి తీసుకునే హక్కు ఉంది. మాట రాని మనిషికి కూడా ఇష్టం, అయిష్టం ఉంటాయి. కొడుకు సంతకం పెట్టాడని ఆయనను అడగకుండా వదలకండి.

మరి మన గొంతులు ఇయ్యాల్నా, వద్దా?

ఇవ్వాలి. నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. ఘనాలో ఇంగ్లీషు కాని అకాన్ భాషలో నత్తి, పక్షవాతం, సెరిబ్రల్ పాల్సీ, గ్రహణం మొర్రి ఉన్నవాళ్ల గొంతులు అక్కడి విశ్వవిద్యాలయం వాళ్లు పోగుచేశారు. చెన్నైలో ఎస్‌ఎస్‌ఎన్ ఇంజినీరింగ్ కాలేజీ వాళ్లు తమిళంలో ముద్దమాట ఉన్న ఇరవై మంది గొంతులతో మొదలుపెట్టారు. ఇరవై మందే! మన రెండు పాత జిల్లాల్లో ఒక్క మండలంలో అంతమంది దొరుకుతారు. ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి, థెరపిస్టులు ఉన్నారు, ప్రాజెక్టు ఏం చేయాలా అని వెతుక్కునే పిల్లలున్నారు.

భాషిణిలో భాషాదాన్ పేరుతో ఎవరైనా వాక్యం చదివి గొంతు ఇవ్వవచ్చు. కానీ అక్కడ ఒకరు చదివింది ఇంకొకరు విని సరిగ్గా ఉందా లేదా అని చెప్తారు. ముద్దమాట విన్నవాళ్లు "సరిగ్గా లేదు" అని కొట్టేసే ప్రమాదముంది. అందుకే మనవాళ్ల గొంతులకు విడిగా ఒక అర కావాలి, వినేవాళ్లు కూడా మనవాళ్లే ఉండాలి.

మీ నాయిన ఇప్పుడెట్లున్నడు?

బాగున్నాడు. మొన్న మిర్యాలగూడలోని మా మేనమామకు తనే ఫోన్ కలిపించుకున్నాడు. "పెద్దోడికి ఫోన్ చెయ్యి" పని చేసింది కానీ మేనమామది ఆ నలభైలో లేదు, అది కావాలని చెయ్యి ఊపి చూపించాడు. పట్టీకి నలభై ఒకటో మాట చేర్చాం. ఆదివారం పొద్దున ఫ్యాన్ బంద్ చేసి రికార్డింగ్‌కు కూర్చుంటాం. మిగిలిన పదమూడింటితో పాటు దాన్నీ మొదలుపెట్టాలి. పదిహేను సార్లు చెప్పాలంటే, "ఇరవై జెప్త" అన్నాడు. నాకు మొదటిసారికే అర్థమైంది.